ఎదుటి కొట్టు గడియారాలు

"ఆ ముసలాడి కొట్టుకి నువ్వు దండోరా వేస్తావా?" గడియారాలు బాగుచేసే అన్న ఫోను చెల్లెలి ముందుకు విసిరాడు.

తమ కొట్టు పేజీలో ఆమె పొద్దున రాసిన మాటలు అందులో ఉన్నాయి: 'పాత గోడ గడియారాలైతే ఎదుటి కొట్టు పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. ఆయనంత బాగా మేం చెయ్యలేం.'

"అబద్ధం రాశానా అన్నయ్యా?"

"పని నేర్పినట్టే నేర్పి, పదిమందిలో నన్ను మెడపట్టి గెంటాడు వాడు! నా తిండి తింటూ నా ఇంటి వాసాలే లెక్కపెడతావా? తీసెయ్. లేదా రేపట్నుంచి కొట్టుకి రాకు."

"రాను. కానీ తియ్యను."

అప్పుడే ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిరుమాలు విప్పి, ఆగిపోయిన చేతి గడియారాన్ని బల్ల మీద పెట్టింది. దాని మీంచి వేలు మాత్రం తియ్యలేదు.

"మావారిది. ఆయన పోయి మూడేళ్ళు. లోపలి సామాను మార్చేస్తారేమోనని ఎవరి చేతికీ ఇవ్వలేదు."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చారు?" అన్న గొంతు ఇంకా కరుగ్గానే ఉంది.

"చేతకానిది చేతకాదని మీరే రాసుకున్నారుగా బాబూ. అలాంటి మనిషి నన్ను మోసం చెయ్యడనిపించింది."

ఆమె వేలు తీసింది. అతను గడియారాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆవిడ వెళ్ళాక చెల్లెలు సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" తలెత్తకుండానే కసిరాడు. "అలారం గడియారాలు కూడా ఆయనే బాగా చేస్తాడు. అది రాయలేదేం?"