ఇద్రీస్ అడిగింది

ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఇద్రీస్ సుభాష్‌పల్లిలో ఫణీంద్ర వాళ్లింట్లోనే అద్దెకున్నాడు. ఫణీంద్ర తల్లి చేతి అన్నం తిని, ఆమె మాట్లాడే తెలుగే నేర్చుకున్నాడు. ఇప్పుడు అతని దేశంలో అంతర్యుద్ధం. పోరాడుతున్న ఒక వర్గం తరఫున బయటి ప్రభుత్వాలతో మాట్లాడేది అతనే. ఫణీంద్ర మన విదేశాంగ శాఖలో అధికారి.

ఆ వర్గానికి ఆయుధాలు ఇవ్వాలా వద్దా అన్నదానిపై ఫణీంద్ర ఆ ఉదయమే అభిప్రాయం పంపాలి. సెలవు మీద ఇంటికొచ్చినా ఆ పని తప్పలేదు. ‘ఇవ్వవచ్చు’ అని రాసిపెట్టుకున్నాడు.

అంతలో ఇద్రీస్ ఫోన్ చేశాడు.

“మా పట్నాన్ని చుట్టుముట్టారు. ఆయుధాలు రాకపోతే మూడు రోజుల్లో అందరం పోతాం,” అన్నాడు ఇంగ్లీషులో.

“పరిశీలనలో ఉంది,” అన్నాడు ఫణీంద్ర.

ఇద్రీస్ నవ్వి, ఇంటి క్షేమం అడుగుతున్నట్టుగా తెలుగులోకి మారాడు.

“అమ్మ బాగుందేటిరా? మా నాయకుడు పక్కనే ఉన్నాడు. తుపాకులొస్తే ఈడు ముందు ఏటికవతల ఊళ్లన్నీ తగలెట్టేత్తాడు. పిల్లల్ని కూడా వొగ్గడు. ఇప్పించకురా.”

“మరి నువ్వు?”

“నానేటి, ఇక్కడే ఉంటాను.”

ఫోన్ పెట్టేశాక ఫణీంద్ర ‘ఇవ్వరాదు’ అని మార్చి పంపేశాడు. ఏడుపు రాలేదు. చేతులు మాత్రం చాలాసేపు బల్ల మీదే ఉండిపోయాయి.

తల్లి టీ తెచ్చింది.

“ఇద్రీసేనా? పాపం, ఆడడిగింది చేసినావా?”

“చేసినానమ్మా.”