రెండో భాగం

“మెషిన్లో ఫ్యాన్ మోత సంగతి తర్వాత. ముందు ఈ దిక్కుమాలిన ఆట మీకెవరు అంటగట్టారో చెప్పండి బాబాయ్ గారూ!”

గేమ్ మెషిన్ మూత విప్పి దుమ్ము దులుపుతున్న షాపావిడ, లోపలున్న డిస్కు చూసి నెత్తి కొట్టుకుంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దాయన నవ్వాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, షాపుకి రావడం ఇదే మొదలు.

“ఎవరూ అంటగట్టలేదమ్మా. వెతుక్కుని మరీ తెచ్చుకున్నాను.”

“తెచ్చుకున్నవాళ్ళందరూ తెచ్చి నా మొహాన కొడుతుంటేనూ!”

ఆమె కడుపుమంట ఆమెది. ఆ ఆట మొదటి భాగమంటే ప్రాణం. రెండోది వచ్చిన రోజు షాపు మూసేసి మరీ ఆడింది. సాయంత్రానికి ఏడుపొక్కటే తక్కువ.

“మొదటి దాంట్లో గుర్రం ఉండేది, పీకేశారు. ఊరి నుంచి ఊరికి కాళ్ళీడ్చుకుంటూ పోవాలి.”

“ఉద్యోగమంతా స్టీరింగ్ ముందు కూర్చునే గడిచింది. ఇప్పుడు నడిస్తే తప్పేముంది?”

“మొదటి భాగమంతా మన వెంట తిరిగిన స్నేహితుడు ఎదురొచ్చి ‘ఎవరు బాబూ నువ్వు?’ అంటాడు. ఒళ్ళు మండదూ?”

“మతిమరుపేమో, పాపం.”

“సరే, సత్రాలకేం చెప్తారు? ఏ ఊరి సత్రంలో చూసినా అదే ఆవిడ, అదే గొంతు, అవే మాటలు. ‘వచ్చావా? దారంతా ఎండేగా, కాస్త కూర్చో’ అని మొదలెడుతుంది. మధ్యలో ఆపలేం, దాటెయ్యలేం. ఆసాంతం వినాల్సిందే!”

“వింటాను. నాకు మాత్రం ఏం పనుందని?”

“ఇంతకీ రాక్షసుల కోట దాకా వెళ్ళారా?”

“కోటలెందుకమ్మా? ఓ సత్రంలో కూర్చుంటాను, లేచి ఇంకో సత్రానికి పోతాను.”

పాపం, మంచి ఆట మొహం చూసి ఎరగడు అనుకుందామె. జాలేసింది. ఆయన అలా బయటికెళ్ళి టీ తాగొచ్చేలోగా కొత్త అప్‌డేట్ ఎక్కించేసింది. జనం తిట్ల దెబ్బకి కంపెనీవాళ్ళు దాంతో ఆటంతా సరిచేశారు. గుర్రం తిరిగొచ్చింది. స్నేహితుడు గుర్తుపడుతున్నాడు. సత్రానికో మనిషి, మనిషికో గొంతు. ఇంటికెళ్ళి చూసుకుని మురిసిపోతాడులే అని ఆయనకి చెప్పలేదు. ఆ రోజంతా ఆమెకి మనసు తేలిగ్గా ఉంది.

మర్నాడు షట్టర్ ఎత్తేసరికి ఆయన మెషిన్‌ని చంటిపిల్లలా పొదువుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“దీన్నేం చేశావమ్మా?”

“బాగుచేశాను బాబాయ్ గారూ! గుర్రం చూశారా?”

“గుర్రమెక్కే ఊళ్ళన్నీ తిరిగాను. ఏ సత్రంలో చూసినా ఎవరెవరో ఉన్నారు.”

“హమ్మయ్య! ఆ నసమనిషి పీడ విరగడైంది కదా?”

పెద్దాయన మెషిన్‌ని బల్ల మీదికి తోశాడు.

“పాతదే పెట్టివ్వు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

“పెట్టొచ్చు. కానీ మీరు ఇన్నాళ్ళూ ఆడిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ మొదటి ఊరి నుంచే.”

“పోనీ. మొదటి ఊళ్ళోనూ సత్రం ఉందిగా.”

ఈయనతో వేగడం కష్టమనుకుంటూనే ఆమె నెట్ తీసేసి, ఆటని చెరిపి, డిస్కులోది మళ్ళీ ఎక్కించింది. సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని షాపు టీవీకి తగిలించి, మొదటి ఊరి సత్రం తలుపు తోసింది.

“వచ్చావా? దారంతా ఎండేగా, కాస్త కూర్చో.”

పెద్దాయన నిజంగానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొహం విప్పారింది. ఆమె సౌండ్ తగ్గించబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. సత్రం ఆవిడ చెప్పేదంతా చెప్పి ఊరుకునేదాకా కదల్లేదు.

“నిజం చెప్పండి బాబాయ్ గారూ, ఇంత తప్పులతడక ఆటలో మీకేం నచ్చింది?”

ఆయన టీవీ వైపు నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

“పోయేముందు మా ఆవిడ ఆఖరుగా గొంతిచ్చింది దీనికేనమ్మా.”