కింగ్ లెమ్ కథ చదివిన రోజు

"నాన్నా, ఒక్క బూతు దొర్లిందంటే నైలా ఇక ఈ బడిలో తలెత్తుకోలేదు."

కూతురు నైలా తరగతి గుమ్మం దగ్గర తండ్రి కాలరు సర్దుతూ హెచ్చరించింది శనెల్.

ఆ తండ్రి, అమెరికాలోని కాంప్టన్ వీధుల తుపాకుల్నీ పోలీసు దెబ్బల్నీ పాటలోకి తెచ్చిన తొలితరం ర్యాపర్ కింగ్ లెమ్. ఇప్పుడు అరవై రెండేళ్లు. వేలమంది ముందు పాడినవాడు ఇవాళ మనవరాలి రెండో తరగతికి కథ చదవడానికి వచ్చి, గుమ్మంలోనే తచ్చాడుతున్నాడు.

"కళ్లజోడు తెచ్చావా? ఎప్పుడూ మర్చిపోతావు. హోటల్లో మెనూ కూడా నేనే చదివిపెట్టాలి."

"తెచ్చాన్లేవే."

"పోనీ, ఇంకో తాతగారిని పిలుద్దామా?" ఆశగా అడిగారు హెడ్‌మిస్ట్రెస్ గాఫ్నీ.

"మా తాతే చదవాలి!" లోపల్నుంచి నైలా అరిచింది.

శనెల్‌కి ఇంకో దిగులు కూడా ఉంది. ఎనిమిది నెలలుగా తండ్రి మంగళ, గురువారాల్లో సాయంత్రమయ్యేసరికి మాయమవుతున్నాడు. అడిగితే చెప్పడు. పాత ముఠా మళ్లీ పిలిచిందేమో!

ఇంతలో బడి కాపలాదారు ఎల్‌రాయ్ పాత క్యాసెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఒక్క సంతకం!"

లెమ్ ఎప్పట్లాగే కిరీటం బొమ్మ గీసిచ్చాడు.

"రాజంటే ఇలా ఉండాలి! ఒక్క పాటైనా కాగితం మీద పెట్టలేదటగా, అంతా బుర్రలోనేనట. ఇప్పటి కుర్రాళ్లు ఫోన్లు చూసి పాడుతున్నారు, సిగ్గులేక!"

"బుర్రంతా ఖాళీయే కదా తమ్ముడూ, పట్టేసింది," అన్నాడు లెమ్.

చిన్న కుర్చీలో ఒదిగి కూర్చుని, వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచాడు. తప్పిపోయిన బాతుపిల్ల కథ. ఒక్కో మాట కింద వేలు పెట్టి, ఆగి ఆగి చదవసాగాడు.

"పాపం, నోరు జారకుండా ఎంత జాగ్రత్తపడుతున్నారో!" గాఫ్నీ గుసగుసలాడారు.

మధ్యలో ఒకచోట బొత్తిగా ఆగిపోయాడు. నుదుట చెమట. లెమ్ కాలితో నేలమీద తాళం వేశాడు. ఒకటి, రెండు, మూడు... మాట తాళం మీదికి వచ్చి పడింది. పిల్లలు కూడా తాళం అందుకున్నారు. బాతుపిల్ల తల్లిని చేరేసరికి గదంతా చప్పట్లే.

"మా తాత!" అని నైలా అందరికీ చూపించుకుంటోంది.

శనెల్ నవ్వుతూ పుస్తకం అందుకుంది. అందులోంచి ఒక చీటీ జారింది. దానిమీద వరసగా మంగళ, గురువారాల తేదీలు. కింద ఎవరో టీచరమ్మ గుండ్రటి చేతిరాత.

"లెమ్ గారూ, మీ జీవితంలో మీరు చదవబోయే మొట్టమొదటి పుస్తకం ఇది."