రత్నం ఒడుపు

కాకినాడ రొయ్యల షెడ్డులో నూకరత్నంలా వేగంగా ఒలిచేవాళ్లు లేరు. అందుకే యాజమాన్యం ఆమె చేతులకు తీగల తొడుగులు వేసి నెల్లాళ్లు ఒలిపించి, ఆ ఒడుపునంతా యంత్రాల ఇనుప చేతులకు నేర్పింది. ఇనుప చేతులు బల్లల ముందుకు రాగానే ఆడవాళ్లందరినీ మానిపించి, వాటిని కడగడానికి ఆమెనొక్కదాన్నే ఉంచుకుంది.

చివరిరోజు, ఆమెకు పని నేర్పిన లోవమ్మ వాటిని చూస్తూ నిలబడిపోయింది. "అచ్చం నీలాగే ఒలుత్తున్నాయే, రత్నం!"

"నావల్లే పిన్నీ. నన్ను ఉంచుతామంటే, మీ అందరి పనీ పోద్దని తెలిసే తొడుక్కున్నాను."

లోవమ్మ తన అన్నం క్యారేజీ సర్దుకుంది. "నన్నడిగుంటే నేనూ తొడుక్కునేదాన్నేలే," అంది.

తిడుతుందనుకున్న నూకరత్నానికి ఆ మాట ఇంకా బరువైంది. లోవమ్మ చేతిలోని క్యారేజీని తనే అందుకుని గేటుదాకా మోసింది. అంతకుమించి చేయగలిగిందేమీ తోచలేదు.