చేరిన తేదీ

నియామక పత్రాలు రాయాలి. పని గంటలు గోడకి అంటించాలి. వారపు సెలవు ఎవరికి ఏ రోజో తేల్చాలి. హోటల్ మేనేజరు వచ్చేలోపు ఇవన్నీ అయితేనే మా లాండ్రీకి కాంట్రాక్టు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి రాత పని నాది. నాన్న కాలుగాలిన పిల్లిలా గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతున్నాడు.

ముగ్గురు పనివాళ్ళ పత్రాల మీదా అత్త సాక్షి సంతకం పెట్టి, మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది.

మేనేజరు వచ్చి కాగితాలు తిరగేశాడు. ఇస్త్రీ బల్ల వైపు చూపించి, "ఆవిడ పత్రమేదీ?" అన్నాడు.

"మా చెల్లెలండీ. ఇంటి మనిషికి కాగితమేంటి!" నాన్న నవ్వాడు.

"కాగితం లేనివాళ్ళు మా దుప్పట్లు ముట్టుకోకూడదు. రేపు చెయ్యి కాలితే ఎవరిది పూచీ?"

అత్త ఇస్త్రీపెట్టె ఆపేసింది. "అయితే రేపట్నుంచి నేను ఇంట్లో కూచోవాలా అన్నయ్యా?"

"అంత మాటెందుకే! అమ్మాయ్, అత్తకీ ఒకటి రాసెయ్."

రాస్తూ ఆగాను. "చేరిన తేదీ ఏం వెయ్యను నాన్నా?"

"ఇవాళ్టిదే వెయ్యి."

అత్త ఇటు తిరిగింది. "ఇవాళ్టిదా? వదిన కాన్పుకెళ్తే ఈ కొట్టు తాళం తీసిందెవరు? ఆ రాసే పిల్ల అప్పటికింకా పుట్టలేదు."

"అప్పుడు సాయానికొచ్చావనుకున్నానే."

"నేను పనికొచ్చాననుకున్నా."

నాన్న నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నేను పుట్టిన సంవత్సరం వేశాడు.

మీ కొట్లో నియామక పత్రాలు రాసేటప్పుడు, సాక్షి సంతకం పెట్టే మనిషికి పత్రముందో లేదో చూడండి. అప్పుడొకసారి మా అత్తను తలుచుకోండి.