ఎత్తు సీటు

మా చేవా జనంలో పెళ్లయ్యాక మగాడే పెళ్లాం ఊరికి కాపురానికి వెళ్లాలి. అలా ఎనిఫా ఇంటికొచ్చాను. చావిట్లో ఆమె మొదటి మొగుడి సైకిలుంది. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదట. ఎక్కితే నా కాళ్లు పెడళ్లకి అందలేదు.

అంత పొడుగు మగాడా! ఒళ్లు మండింది. సైకిళ్లు బాగుచేసే మా బావమరిది లైసన్ ముందు దాన్ని పడేశాను.

"సీటు దించు."

సీటు రాడ్డు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లైసన్ కిరసనాయిలు పోశాడు, సుత్తితో కొట్టాడు, మంట పెట్టి కాల్చాడు. కదల్లేదు.

"చచ్చినా వదలడేంట్రా వీడు!"

లైసన్ నవ్వాపుకుంటూ రాడ్డుకి పైపు రెంచి బిగించాడు. "పళ్లు నూరింది చాల్లే బావా, ఫ్రేము పట్టుకు తిప్పు."

నా కసంతా పెట్టి తిప్పాను. కిర్రుమని ఊడొచ్చింది.

అప్పుడే న్సిమా ముద్దలు, చేపల కూర పట్టుకొచ్చిన ఎనిఫా రాడ్డు చూసి ఆగిపోయింది.

"దించేస్తున్నారా? మరి నేనెలా తొక్కేది?"

"నువ్వా?"

"నా కాళ్లకి సరిపడా పెట్టించిన సీటది. ఆయనకి తొక్కడం ఎక్కడొచ్చు? సంతకైనా, చర్చికైనా నా నడుం పట్టుకుని వెనక కూర్చునేవాడు."

లైసన్ రాడ్డు తుడుస్తూ అడిగాడు. "ఎంత దించమంటావు బావా?"

"అంగుళం కూడా దించకు," అన్నాను. "ముందుగా ఆ వెనక క్యారియర్ నా బరువాపుతుందో లేదో చూడు."