మిద్దె మీది రైలు

మిద్దె మీది గదిలో రైలు తిరుగుతోంది. కింద వంటింట్లో బియ్యం కడుగుతున్న సుహాసినికి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. గిర్రున తిరగడం, ఆగడం. మళ్లీ తిరగడం. అది ఆగిన ప్రతిసారీ ఆమె చెయ్యి కూడా ఆగుతోంది.

ఆమె భర్త శ్రవణ్ కుమార్‌కి గద్వాలలో మోటారు వైండింగ్ షాపు ఉంది. సాయంత్రం షాపు మూశాడంటే నేరుగా మిద్దె ఎక్కడమే. రెండు బల్లలు కలిపి వాటి మీద గద్వాల స్టేషనంతా కట్టాడు. థర్మోకోల్ చెక్కి గుట్టలు చేశాడు. రంపపు పొట్టుకు రంగు కలిపి గడ్డి మొలిపించాడు. పట్టాల కింద స్లీపర్లన్నీ అగ్గిపుల్లలే. ఇంజను మాత్రం హైదరాబాద్ నుంచి తెప్పించాడు. పెళ్లయిన కొత్తలో సుహాసినికీ అదంతా ముచ్చటగానే ఉండేది.

ఈ నెలలో పట్టాలు స్టేషన్ దాటాయి. ఊరు దాటి కృష్ణానది వంతెన వైపు సాగాయి. రైల్వే గేటు వచ్చింది. గేటుకు కాస్త ఇవతల, జొన్నచేల పక్కన, పట్టాల కింద వాననీళ్లు పోయే చిన్న మోరీ వచ్చింది.

బుధవారం ఆ మోరీ మీద ఒక మనిషి బొమ్మ కనిపించింది. వేలి గోరంత ఉంది. తెల్ల చొక్కా, భుజాన ఎర్ర తువ్వాల.

చాయ్ తెచ్చిన సుహాసిని గ్లాసు బల్ల అంచున పెట్టింది.

“గిదెవరు?”

“వెంకటన్న” అన్నాడు శ్రవణ్, తల ఎత్తకుండా.

వెంకటన్న ఆమె మొదటి భర్త. ఎనిమిదేళ్ల కిందట రైలు కింద పడి పోయాడు. తాగి గేటు దాటుతుంటే రైలు గుద్దిందని పోలీసులు రాసుకున్నారు. శవం గేటు దగ్గరే దొరికింది. ఊళ్లో అందరూ గేటు పేరే చెబుతారు. మోరీ సంగతి ఏ కాగితంలోనూ లేదు, ఎవరి నోటా లేదు. ఆ రోజు అక్కడ ఉన్న మనిషికి తప్ప అది తెలిసే దారే లేదు.

అంటే శ్రవణ్ అక్కడ ఉన్నాడు.

ఐదేళ్లు గడిచాక, భర్త పోయిన మనిషిని చేసుకుంటానని తనంతట తానే వచ్చాడు. ఎంత మంచివాడో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కూడా మెచ్చుకుంది.

మర్నాడు అతను షాపుకు పోగానే సుహాసిని మిద్దె ఎక్కింది. బొమ్మను రెండు వేళ్లతో తీసి గేటు దగ్గర పెట్టింది. సాయంత్రం శ్రవణ్ మిద్దె దిగి వచ్చాడు. అన్నం తిన్నాడు, పప్పు బాగుందన్నాడు. పొద్దున చూస్తే బొమ్మ మళ్లీ మోరీ మీదే ఉంది. లాగింది. రాలేదు. పాదాల కింద జిగురు గట్టిపడి ఉంది.

అన్నకు చెబుదామని ఫోన్ తీసింది. ఏమని చెప్పాలో తోచక పెట్టేసింది.

ఆదివారం పొద్దున శ్రవణ్ అన్నాడు: “జోగులమ్మ పెద్దమ్మను రమ్మన్న.”

వెంకటన్న తల్లి.

“ఆమెనెందుకు?”

“కొడుకు పోయిన జాగ ఎన్నడూ చూడలే గద. ఒకసారి చూస్తదని.”

జోగులమ్మ కోడేరు నుంచి బస్సెక్కి పదకొండింటికల్లా వచ్చింది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ మెట్లెక్కింది. బల్ల మీద ఊరినంతా చూసి నోరు తెరిచింది. తర్వాత బొమ్మను చూసింది. ఎర్ర తువ్వాలను చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంగు తీసి అడిగింది: “నా కొడుకు గేటు కాడ గద బిడ్డా పడ్డది?”

“దొరికింది గేటు కాడ పెద్దమ్మా. పడ్డది ఈడ. రైలు గేటు దాంక ఈడ్చుకపోయింది.”

“నీకెవరు చెప్పిన్రు?”

శ్రవణ్ బల్ల అంచుకు వంగాడు. స్విచ్ వేశాడు. ఇంజను స్టేషన్ వదిలింది. గుట్ట చుట్టి, జొన్నచేలు దాటి, మోరీ దగ్గరకు వచ్చింది. బొమ్మకు వెంట్రుకవాసి దూరంలో దాన్ని ఆపాడు.

అప్పుడు అతను చూసింది ముసలామె వైపు కాదు.

“సుహాసినీ, జాగ సరిగ్గనే ఉన్నదా?” అన్నాడు మెల్లగా. “ఇంకా జర ఇటు జరపాల్నా?”

జోగులమ్మ కూడా కోడలి వైపు తిరిగింది.

ఆ రోజు ఆ మోరీ మీద వెంకటన్న వీపున రెండు చేతులూ ఆనించి రైలు కిందికి తోసినప్పుడు, చుట్టుపక్కల మనిషన్నవాడే లేడని సుహాసిని ఇన్నేళ్లూ నమ్మింది.